అమెరికా జైలు నుంచి సివిల్ దావా: ఖైదీకి వకీలు ఎందుకు దొరకడు?

జైల్లో వైద్యం చేయలేదనో, గార్డు కొట్టాడనో అమెరికాలో ఒక ఖైదీ ఫెడరల్ జిల్లా కోర్టులో దావా వేస్తే, దానితో పాటు తరచూ ఇంకో అర్జీ కూడా వెళ్తుంది. తనకు స్తోమత లేదు కాబట్టి కోర్టే ఒక వకీలును చూపించాలని. చాలాసార్లు ఒకటి రెండు పేజీల ఉత్తర్వుతోనే అది తేలిపోతుంది. సివిల్ కేసులో వకీలును పొందే రాజ్యాంగ హక్కు లేదు, అసాధారణ పరిస్థితులేవీ కనబడలేదు, అర్జీ కొట్టివేయడమైనది.

ఫ్లోరిడా జైలు నుంచి క్లారెన్స్ గిడియన్ పెన్సిలుతో రాసి పంపిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 1963లో ఇచ్చిన తీర్పు లోకప్రసిద్ధం. తీవ్రమైన నేరారోపణ ఎదుర్కొంటున్న పేదవాడికి ప్రభుత్వమే వకీలును ఇవ్వాలంది కోర్టు. అయితే ఆ తీర్పుకు ఆధారమైన అమెరికా రాజ్యాంగంలోని ఆరో సవరణ క్రిమినల్ విచారణలకే వర్తిస్తుంది. శిక్ష పడ్డాక అదే మనిషి జైల్లో తనకు జరిగిన అన్యాయంపై కోర్టుకెక్కితే అతను ముద్దాయి కాదు, వాది. గిడియన్ తీర్పు అతన్ని ఆదుకోదు.

అతనికి మిగిలింది 1892 నాటి చట్టం. కోర్టు ఖర్చులు భరించలేని పేదలు కూడా దావా వేయవచ్చని, వాళ్ల తరఫున వాదించమని కోర్టు ఒక వకీలును కోరవచ్చని అందులో రాశారు. ఆ వకీలు కుదరదంటే? 1989లో గానీ సుప్రీంకోర్టు ఈ ప్రశ్న తేల్చలేదు. అయోవాలో ఖైదీల దావా ఒకటి అప్పగిస్తే, దివాలా, సెక్యూరిటీల కేసులు చూసే ఒక వకీలు తనకు ఈ పని రాదంటూ చివరిదాకా పోరాడి 5-4 మెజారిటీతో గెలిచాడు. ఈ చట్టం కింద కోర్టు అడగగలదే గానీ బలవంతపెట్టలేదని తేలింది. ఇక డబ్బు సంగతి. ఫెడరల్ క్రిమినల్ కేసుల్లో నియమించే వకీళ్లకు అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ నిధులిస్తుంది. ఇలాంటి సివిల్ దావాలకు ఆ ఏర్పాటు లేదు.

కోర్టు తలుపు మాత్రం 1960ల నుంచి తెరుచుకుంటూ వచ్చింది. నల్లజాతివారిని కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠా దాడుల నుంచి కాపాడటానికి 1871లో చేసిన చట్టం కింద రాష్ట్ర జైళ్ల ఖైదీలు కూడా అధికారులపై దావా వేయవచ్చని 1964లో స్పష్టమైంది. వేరే సాయం ఏర్పాటు చేయని జైలు, ఒక ఖైదీ మరో ఖైదీకి పిటిషన్ రాసిపెట్టడాన్ని నిషేధించకూడదని 1969లో సుప్రీంకోర్టు అంది. 1976లో టెక్సస్ ఖైదీ గ్యాంబుల్ కేసు వచ్చింది. లారీ నుంచి దించుతుండగా 600 పౌండ్ల పత్తి బేలు అతని మీద పడింది. అతను చేత్తో రాసుకున్న ఫిర్యాదు మీదే, ఖైదీ తీవ్ర అనారోగ్యాన్ని తెలిసీ పట్టించుకోకపోవడం రాజ్యాంగ విరుద్ధమని కోర్టు ప్రకటించింది. ఈనాటికీ జైలు వైద్యం కేసులన్నిటికీ అదే పునాది. కానీ ఆ తీర్పులోనే జైలు డాక్టరుపై గ్యాంబుల్ ఆరోపణలు నిలవలేదు. వైద్య సిబ్బంది అతన్ని 17 సార్లు చూశారు కాబట్టి, చికిత్సలో లోపమున్నా అది మామూలు నిర్లక్ష్యమే తప్ప తెలిసీ పట్టించుకోకపోవడం కాదన్నారు. ఆ గీత ఎక్కడుందో చూపాలంటే నిపుణుడైన మరో డాక్టరు సాక్ష్యం కావాలి. సెల్లో కూర్చున్నవాడు ఆ డాక్టర్ని ఎక్కడి నుంచి తెస్తాడు?

1981 నాటి లాసిటర్ కేసు నన్ను ఎక్కువగా కలచివేస్తుంది. నార్త్ కరోలినాలో శిక్ష అనుభవిస్తున్న ఒక తల్లిని, ఆమె కొడుకుపై ఆమెకున్న హక్కులు రద్దు చేసే విచారణకు జైలు నుంచి తీసుకొచ్చారు. వకీలు లేడు. సంక్షేమ శాఖ ఉద్యోగిని ఆమే క్రాస్ ఎగ్జామిన్ చేయాల్సి వచ్చింది. ఆమె ప్రశ్నలు అడగకుండా తన గోడు చెప్పుకుంటోందని జడ్జి అడ్డుపడ్డాడు. బిడ్డపై హక్కు పోయింది. సుప్రీంకోర్టు 5-4తో దాన్ని సమర్థించింది. ఓడితే శారీరక స్వేచ్ఛ పోయే కేసుల్లోనే వకీలు హక్కు ఉన్నట్టు భావించాలంది. కన్నబిడ్డను పోగొట్టుకోవడం అంతకన్నా చిన్న నష్టమని నేను ఒప్పుకోలేను.

1996లో రెండు దెబ్బలు పడ్డాయి. దావా నడపడంలో ఖైదీకి సమర్థత కల్పించే బాధ్యత రాష్ట్రానిది కాదని సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది కాంగ్రెస్ ఖైదీల దావాలపై కట్టడి చట్టం తెచ్చింది. పేద ఖైదీ కూడా కోర్టు ఫీజు వాయిదాల్లో కట్టాలి, ముందు జైల్లోని ఫిర్యాదు ప్రక్రియ మొత్తం పూర్తిచేయాలి. గెలిచిన వకీలుకు ప్రతివాది నుంచి వచ్చే ఫీజుపైనా పరిమితి పెట్టారు. అంతకుముందు లాభం చూసైనా ఈ కేసులు తీసుకునే కొద్దిమంది వకీళ్లకు ఆ కారణం కూడా బలహీనపడింది.

మన దేశంలో 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, సెక్షన్ 12 కింద, నిర్బంధంలో ఉన్న ప్రతి వ్యక్తినీ ఉచిత న్యాయ సహాయానికి అర్హుడిగా గుర్తించింది. సివిల్, క్రిమినల్ తేడా పెట్టలేదు. కేసులో ప్రాథమికంగా పస కనబడితే చాలు. ఆచరణ వేరే విషయమైనా, చర్లపల్లి జైల్లో ఉన్నవాడికైనా రాజమహేంద్రవరం జైల్లో ఉన్నవాడికైనా అడగడానికి చట్టంలో ఒక ఆధారముంది.

అమెరికాలో వకీలు కోసం పెట్టిన అర్జీని ఎలా తూస్తారన్నది సర్క్యూట్‌ను, అంటే ఆ ప్రాంతపు ఫెడరల్ అప్పీలు కోర్టును బట్టి మారుతుంది. కేసులో బలముందా, చిక్కు ఎంత, ఖైదీ తన వాదన చెప్పుకోగలడా అని చూస్తారు. ఇందులో క్రూరమైన చిక్కు ఒకటుంది. తోటి ఖైదీ చక్కగా రాసిపెట్టిన ఫిర్యాదు చూసి, ఇతను బాగానే వాదించుకోగలడని జడ్జి అనుకునే ప్రమాదముంది. రాసిపెట్టినవాణ్ణి వేరే జైలుకు మార్చేస్తే, మిగిలేది చదువు రాని వాది ఒక్కడే.

ఇల్లినాయిలో గార్డు లైంగిక దాడి చేశాడన్న ఖైదీ ప్రూయిట్‌కు అర్జీలు పెట్టుకున్నా వకీలు దొరకలేదు. జ్యూరీ ముందు ఒంటరిగా నిలబడి ఓడాడు. 2007లో ఏడో సర్క్యూట్ ఆ తీర్పును పక్కన పెట్టింది. కేసు ఎంత కష్టమైనదో, ఈ మనిషికి అంత శక్తి ఉందో లేదో కలిపి చూడాలని జిల్లా జడ్జీలకు చెప్పింది. అయితే అర్జీ కొట్టేసిన వెంటనే అప్పీలుకు వెళ్లే వీలు చాలా సర్క్యూట్లలో లేదు. ప్రూయిట్ లాగే విచారణ మొత్తం ఒంటరిగా నడిపి, ఓడిన తర్వాతే అడగాలి.