పాచి నోటి సంగతి

పిల్లలూ,

నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొద్దున్నే చెల్లి మంచం దిగి వచ్చి కల ఏదో చెప్పబోతే అన్నయ్య ముక్కు మూసుకుని "ఛీ, కంపు" అన్నాడట. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని మధ్యాహ్నం దాకా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడిందట.

ఒరేయ్ పెద్దోడా, ముందు నీ సంగతి. రేపు లేవగానే, పళ్ళు తోముకోకముందే, మణికట్టు మీద ఒకసారి నాలుకతో రాసి, పది సెకన్లు ఆరనిచ్చి వాసన చూడు. ఆ తర్వాత చెల్లికి సారీ చెబుదువుగాని. ఎవరి నోటి వాసన వాళ్ళకి తెలీదురా. ఎప్పుడూ దగ్గరే ఉండే వాసనని ముక్కు కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. అందుకే ఎదుటివాళ్ళది మాత్రమే కంపు అనిపిస్తుంది.

నిద్ర లేచేసరికి ఇంచుమించు అందరి నోరూ ఇంతే. దాన్ని మనం పాచి నోరు అంటాం కదా, నిలవ నీళ్ళలో పట్టే నాచునీ పాచి అనే అంటాం. నాకు ఈ మాట భలే ఇష్టం. పారే నీటికి పాచి పట్టదు, నిలిచినదానికే పడుతుంది. నోటికీ అదే లెక్క.

నోట్లో పారే నీరు లాలాజలం. రోజుకి అరలీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. మనం మింగుతూ ఉంటాం కాబట్టి తెలీదు గానీ, పగలంతా అది నోటిని కడుగుతూనే ఉంటుంది. మిగిలిపోయిన తిండి నలుసుల్ని, బుగ్గల లోపలి నుంచి రాలే చచ్చిన చర్మపు కణాల్ని గొంతులోకి తోసేస్తుంది. నిద్రపోగానే ఆ ఊట దాదాపు ఆగిపోతుంది. ఇక నోట్లో కాపురముండే బ్యాక్టీరియాకి పండగే.

వాటిని మొదట చూసిన మనిషి నెదర్లాండ్స్ దేశపు బట్టల వ్యాపారి, లీవెన్‌హుక్. తన పళ్ళ మీద పేరుకున్న తెల్లటి పాచి గీకి, సొంతంగా చేసుకున్న కటకంతో చూస్తే చిన్న చిన్న జీవులు ఈదుతూ కనిపించాయి. 1683లో ఆ వింత గురించి లండన్‌లోని రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి ఉత్తరం రాశాడు. (పాచి గురించి ఉత్తరం రాసిన మొదటి ముసలాణ్ణి నేను కాదన్నమాట!) ఇప్పటిదాకా మనుషుల నోళ్ళలో గుర్తించిన బ్యాక్టీరియా రకాలు 700 దాటాయి. అన్నీ చెడ్డవి కావు. కంపు కొట్టించేవి ఎక్కువగా గాలి సోకని చోట బతికేవి. అవి నలుసుల్లోని, చచ్చిన కణాల్లోని ప్రోటీన్లని తినేసి గంధకం కలిసిన వాయువుల్ని వదులుతాయి. వాటిలో ఒకటి హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్ళిన కోడిగుడ్డు వాసన దానిదే.

అవి ఎక్కడ దాక్కుంటాయో తెలుసా? మనం అద్దంలో చూసుకుంటూ తెగ తోమే ముందు పళ్ళ మీద కాదు. నాలుక వెనక భాగంలో. నాలుక నున్నగా ఉండదు, కంబళి మీద నూగులా ఉంటుంది. ఆ సందుల్లో అవి హాయిగా ఉంటాయి. తర్వాతి చోటు పంటికీ పంటికీ మధ్య, చిగుళ్ళ అంచున.

కాబట్టి పొద్దున్న వాసనకి మందు రాత్రే వేయాలి. పడుకునే ముందు రెండు నిమిషాలు బ్రష్ చేయండి. దవడ పళ్ళ వెనక్కి కూడా బ్రష్ వెళ్ళాలి. పళ్ళ సందుల్లో బ్రష్ దూరదు, అక్కడికి ఫ్లాస్ దారం కావాలి. అది అమ్మ దగ్గర నేర్చుకోండి. నాలుకని వెనక నుంచి ముందుకి మెల్లిగా గీయండి. మెల్లిగా అన్నానని గుర్తుంచుకోండి. నేను మీ వయసులో మంట పుట్టేదాకా గీకి రెండు రోజులు కారం తినలేకపోయాను. బ్రష్ అయ్యాక నురగ ఉమ్మేస్తే చాలు, చెంబుడు నీళ్ళతో పుక్కిలించకండి. పేస్టులో పళ్ళు పుచ్చకుండా కాపాడే ఫ్లోరైడ్ అనే పదార్థం కాసేపు పళ్ళని అంటుకుని ఉండాలి. ఆ తర్వాత తెల్లారేదాకా నీళ్ళు తప్ప ఇంకేమీ వద్దు.

మౌత్‌వాష్ సంగతి అడుగుతారని తెలుసు. చాలావాటిది కాసేపు కప్పిపుచ్చే పనే. ఆల్కహాల్ ఉన్నదైతే నోటిని ఇంకా ఆరబెట్టినా ఆరబెడుతుంది. మీకు అక్కర్లేదు.

వెల్లుల్లి వాసన మాత్రం వేరే కథ. అది అరిగాక రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్లోంచి బయటికొస్తుంది. ఎంత తోమినా లాభం లేదు, అదే పోవాలి.

పళ్ళు తోముకుని టిఫిన్ తిన్నాక కూడా, రోజంతా వాసన వస్తుంటే అప్పుడు పాచి కాదు, ఇంకేదో ఉన్నట్టు. పుచ్చిన పన్ను, రక్తం కారే చిగుళ్ళు, టాన్సిల్స్ గుంటల్లో పేరుకున్న తెల్లటి గడ్డలు, సైనస్... ఏదైనా కావచ్చు. డాక్టర్‌కి చూపించాల్సిందే. మీ నాన్నకి నాలుగేళ్ళప్పుడు ఇలాగే వారం రోజులు ఒకటే కంపు. రోజుకి మూడుసార్లు పళ్ళు తోమించాం, తిట్టాం కూడా. చివరికి డాక్టర్ చూస్తే, ఎడమ ముక్కులో రబ్బరు ముక్క! పెన్సిల్ గీత చెరిపే రబ్బరు. ఎప్పుడు దూర్చుకున్నాడో వాడికే గుర్తు లేదు. ఒక్క ముక్కు నుంచే చీమిడి కారుతోందని మేం గమనించి ఉంటే ఆ తిట్లు తప్పేవి. ఈ కథ నేను చెప్పానని నాన్నతో అనకండి.

పెద్దోడా, ఇంకో పని. ఈ రాత్రి చెల్లి నిద్రపోయాక చూడు, నోరు తెరుచుకుని ఊపిరి తీస్తోందేమో. తెరిచిన నోరు తొందరగా ఎండిపోతుంది, లేచేసరికి వాసన ఎక్కువగా ఉంటుంది. మొన్నటి జలుబు ఇంకా తగ్గలేదని మీ అమ్మ అంది. ముక్కు బిగుసుకుపోయి ఉంటే అమ్మకి చెప్పు. మణికట్టు వాసన ఎలా ఉందో నాకు రాయి.

మీ తాతయ్య