బండి కుంగాలి

విజయనగరంలో నా చిన్ననాటి స్నేహితుడు ఒక పాత చిన్న కారును స్పోర్ట్స్ కారుగా మార్చుకున్నాడు. ఇంజను బలం పెంచాడు, వెడల్పు టైర్లు వేశాడు, వెనక సీటు తీసేశాడు. చివరగా స్ప్రింగులను ఒకటిన్నర చుట్టు కోయించి కారును నేలకు దించాడు. చూడటానికి చాలా అందంగా ఉంది. కానీ గజపతినగరం, సాలూరు దాటి ఒడిశా వైపు సుంకి ఘాటు ఎక్కేసరికి ప్రతి మలుపులోనూ ముందు చక్రాలు ఎగిరెగిరి పక్కకు జారసాగాయి. ఏ మార్పూ చేయనప్పుడు ఇదే కారు అవే మలుపుల్లో నిబ్బరంగా తిరిగేది.

సాలూరు లారీలకు పేరుమోసిన ఊరు. అక్కడ లారీల కమాను పట్టీలు (స్ప్రింగుల్లా పనిచేసే ఉక్కు పట్టీలు) కట్టడంలోనే జీవితం గడిపిన ఒక పెద్దాయనకు కారు చూపించాం. నాలుగు మూలలా చేత్తో నొక్కి చూసి, "బాబూ, బండి కుంగాలి. అది కుంగకపోతే చక్రం లేస్తుంది" అన్నారు. సస్పెన్షన్, అంటే బండి బరువును చక్రాల మీద మోసే స్ప్రింగుల అమరిక, ఆ శాస్త్రంలో సగం ఆ రెండు మాటల్లో ఉంది.

ఆరు చుట్లున్న స్ప్రింగు మీద బరువు పెడితే ప్రతి చుట్టూ తన వంతు కొంత కుంగుతుంది. ఒకటిన్నర చుట్టు తీసేస్తే కుంగేవి నాలుగున్నరే. అంటే స్ప్రింగు గట్టిదనం మూడో వంతు పెరిగిందన్నమాట. తీగ మందం విషయంలో తేడా ఇంకా ఎక్కువ. గట్టిదనం ఆ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది కాబట్టి, 12 మిల్లీమీటర్ల తీగ బదులు 13 మిల్లీమీటర్లది వాడితే చాలు, దాదాపు 38 శాతం పెరుగుతుంది. ఒక్క మిల్లీమీటరు తేడా కంటికి ఆనదు, నడుముకు తెలుస్తుంది.

ఈ గట్టిదనాన్ని ఊహించుకోవడానికి ఇంట్లోనే చేయదగిన ప్రయోగం ఒకటుంది. గోడకు మేకు కొట్టి, 25 సెంటీమీటర్ల దారానికి చిన్న రాయి కట్టి వేలాడదీయండి. అది సెకనుకు ఒకసారి అటూ ఇటూ ఊగి వస్తుంది. తన మీది బరువుకు 25 సెంటీమీటర్లు కుంగే స్ప్రింగు మీద నిలిచిన కారు కూడా సెకనుకు ఒకసారే కిందికీ మీదికీ ఊగుతుంది. దారం పొడవు, స్ప్రింగు కుంగుడు సమానమైతే రెండింటి ఊపూ ఒకటే. కుంగుడు తెలిస్తే చాలు, కారు బరువును విడిగా లెక్కలోకి తీసుకోనక్కరలేదు. కుంగుడు 11 సెంటీమీటర్లయితే సెకనుకు ఒకటిన్నర ఊపులు, ఆరు సెంటీమీటర్లయితే రెండు. కుటుంబాలు తిరిగే కార్లు సాధారణంగా సెకనుకు ఒకటి నుంచి ఒకటిన్నర ఊపుల మధ్య, రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కార్లు ఒకటిన్నర నుంచి రెండు మధ్య ఉంటాయి. ఒక లోలకం లెక్క కారు స్వభావాన్ని ఇంత సూటిగా చెబుతుందని మొదటిసారి తెలిసినప్పుడు కలిగిన ఆనందం నాకు ఇప్పటికీ తాజాగానే ఉంది.

మా వాడి కారు కుంగుడును ఇలాగే లెక్కగట్టాం. ముందు చక్రం ఒక్కోదాని మీద 220 కిలోల బరువు పడుతోంది. కోసిన స్ప్రింగు సెంటీమీటరు కుంగాలంటే 20 కిలోలు కావాలి. అంటే కుంగుడు 11 సెంటీమీటర్లు. స్పోర్ట్స్ కారుకు అది సరైన గట్టిదనమే! మరి చక్రం ఎందుకు ఎగిరింది? జాకీ పెట్టి కొలిస్తే కారణం తెలిసింది. మొదట చక్రం పైకి కదలడానికి ఎనిమిది సెంటీమీటర్ల చోటుండేది, స్ప్రింగు కోశాక మూడే మిగిలింది. మలుపులో బయటి చక్రం మీద బరువు పడగానే ఆ మూడూ అయిపోయి, సస్పెన్షన్ రబ్బరు దిమ్మకు తగులుతోంది. ఆ క్షణం నుంచి అక్కడ స్ప్రింగు లేనట్టే. చిన్న గతుకు వచ్చినా టైరు నేలను వదిలేస్తుంది. తప్పు గట్టిదనంలో లేదు, కుంగడానికి చోటు లేకపోవడంలో ఉంది. అదే గట్టిదనంతో పొడవైన స్ప్రింగు వేసి ఆరు సెంటీమీటర్ల చోటు తిరిగి తెచ్చాం. కారు కాస్త ఎత్తుగా కనిపిస్తుందని స్నేహితుడు నొచ్చుకున్నా నేను పట్టుబట్టాను.

స్ప్రింగు మారితే షాక్ అబ్జార్బరు కూడా మారాలి. స్ప్రింగు దాచుకున్న శక్తిని వేడిగా మార్చి ఊపును చల్లార్చేది అదే. గట్టిదనం మూడో వంతు పెరిగితే, ఊపు మునుపటిలాగే అణగడానికి షాక్ అబ్జార్బరు బిగువు దాదాపు 15 శాతం పెరగాలి. అంతకు మించి, ముఖ్యంగా స్ప్రింగు తిరిగి సాగే దిశలో, బిగిస్తే మరో చిక్కు. వరస గతుకుల్లో ఒక కుదుపు నుంచి స్ప్రింగు పూర్తిగా సాగకముందే రెండోది తగులుతుంది. కారు అంచెలంచెలుగా కిందికి దిగిపోయి మళ్ళీ ఆ దిమ్మ మీదే కూర్చుంటుంది.

గట్టి స్ప్రింగులు వేస్తే మలుపులో బరువు బయటి చక్రాల మీదికి వెళ్ళదని చాలామంది నమ్ముతారు. కానీ కారు బరువులో ఎంత భాగం వెళ్తుందన్నది ప్రధానంగా మూడింటి మీద ఆధారపడుతుంది: మలుపు తీవ్రత, గరిమనాభి (బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కించే బిందువు) ఎత్తు, కుడి ఎడమ చక్రాల మధ్య దూరం. వెయ్యి కిలోల కారు గరిమనాభి 50 సెంటీమీటర్ల ఎత్తులో, చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు ఉందనుకుందాం. తన బరువులో 80 శాతమంత పక్క బలంతో అది మలుపు తిరిగితే సుమారు 285 కిలోలు లోపలి చక్రాల నుంచి బయటి వాటికి మారతాయి. స్ప్రింగులు గట్టివైనా మెత్తనివైనా ఆ 285 మారవు. కారు ఒరిగే కోణమే మారుతుంది. మన చేతిలో ఉన్నది, ఆ బరువులో ముందు జత వాటా ఎంత, వెనక జత వాటా ఎంత అని పంచడం. టైరు మీద బరువు రెట్టింపయితే పట్టు రెట్టింపు కాదు. కాబట్టి ఎక్కువ వాటా మోసే జతే ముందుగా జారుతుంది. ఇంజను బలం ముందు చక్రాలకు వెళ్ళే కారులో వెనక యాంటీ రోల్ బారును, అంటే కారు ఒరగకుండా కుడి ఎడమ చక్రాలను కలిపే కడ్డీని, మందం చేయడం అందుకే. వెనక జత ఎక్కువ వాటా తీసుకుంటే ముందు జతకు స్టీరింగు తిప్పడానికీ, బండిని లాగడానికీ పట్టు మిగులుతుంది.

గేర్ల లెక్క దీనికన్నా సులువు. ఇంజను తిప్పుడును చక్రాలకు అందించే చివరి గేర్ల జత అయిన క్రౌన్, పినియన్ పళ్ళ నిష్పత్తిని 4.1 నుంచి 4.5కు మారిస్తే ప్రతి గేరులోనూ లాగే బలం దాదాపు 10 శాతం పెరుగుతుంది. ఘాటు మలుపులో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో రెండో గేరులో వెళ్ళేటప్పుడు ఈ కారు ఇంజను నిమిషానికి సుమారు 2,160 సార్లు తిరిగేది. ఇప్పుడు 2,370 సార్లు తిరుగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ రెండు వందలే ఇంజను గింజుకోకుండా కాపాడతాయి. శ్రీకాకుళం వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద ఐదో గేరులో వంద కిలోమీటర్ల వేగానికి 300 చుట్లు అదనం, కాస్త ఎక్కువ చప్పుడు, కాస్త ఎక్కువ పెట్రోలు. కొండదారి మీద ప్రేమ ఉన్నవాడికి ఇది మంచి బేరం. పెద్ద టైర్లు వేయాలనుకునేవారు మాత్రం గుర్తుంచుకోవాలి: వ్యాసం ఐదు శాతం పెరిగితే, సంపాదించిన ఆ పదిలో సగం పోయినట్టే.

మళ్ళీ ఘాటు ఎక్కే ముందు, మలుపుల్లో టైరు ఎంతవరకు నేలను తాకుతోందో చూడటానికి, టైర్ల భుజాల మీద, నేలను తాకే భాగం నుంచి పక్క గోడ దాకా, ముగ్గుపిండితో అడ్డగీతలు గీశాం. దిగి వచ్చాక చూస్తే ముందు బయటి టైరు మీద గీత అంచు దాకా చెరిగి, పక్క గోడ మీద అలాగే ఉంది. స్నేహితుడు మోకాళ్ళ మీద కూర్చుని ఆ తెల్లని గీతను చాలాసేపు చూశాడు. తర్వాత వెనక టైర్లలో గాలి రెండు పౌన్లు తగ్గించి, మళ్ళీ గీతలు గీయడం మొదలుపెట్టాడు.