పాత జీపుతో దూర ప్రయాణమా? గాజువాక షెడ్డులో రోజూ వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

వేసవి దగ్గరపడుతుంటే విశాఖ గాజువాక ఆటోనగర్‌లో పాత ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే) బండ్ల సందడి మొదలవుతుంది. మహీంద్రా మేజర్లు, జిప్సీలు, మొదటి తరం థార్లు, పదిహేనేళ్లు దాటిన బొలేరోలు వస్తుంటాయి. ఎక్కువమంది వెళ్లాలనుకునేది లదాఖ్. అందరూ ముందు అడిగేది ఇంజన్ గురించే: "ఇంజన్ తట్టుకుంటుందా గురూ?" తట్టుకుంటుంది. పాత డీజిల్ ఇంజన్ అంత తేలిగ్గా చావదు. బండి దారిలో ఆగిపోయేది ఎక్కువగా దాని చుట్టూ ఉన్న రబ్బరు, తుప్పు, పాతబడిన ఆయిళ్ల వల్ల. అపోహలన్నీ కూడా అక్కడి నుంచే పుడతాయి.

అపోహ: ఇంజన్ కండిషన్‌లో ఉంది, ఇక భయం లేదు.

బానెట్ ఎత్తి ఫ్యాన్ బెల్టు చూడండి. చాలా పాత డీజిల్ బండ్లలో బ్రేకు బూస్టర్‌కు (పెడల్ తేలిగ్గా నొక్కుకునేలా చేసేది) కావాల్సిన వాక్యూమ్ పంపు డైనమో వెనకే బిగించి ఉంటుంది. వాటర్ పంపు కూడా అదే బెల్టు మీద తిరిగే బండ్లు బోలెడు. అంటే బెల్టు తెగితే చార్జింగ్ పోతుంది, నీళ్లు తిరగవు, కాసేపటికి బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. ఘాట్ రోడ్డులో ఈ మూడూ ఒకేసారి పోతే ఏమవుతుందో ఊహించుకోండి. కొత్త బెల్టు వేసి, ఇంకా బాగానే ఉన్న పాతదాన్ని సీటు కింద పెట్టుకోండి. మీ బండికి సరిగ్గా సరిపోయే స్పేరు అదే.

రేడియేటర్ హోసులను ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చేత్తో పిసకండి. మెత్తగా ఉబ్బినట్టున్నా, గట్టిపడి చిటపటమన్నా మార్చాల్సిందే. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న బండి రబ్బరు, రోజూ తిరిగే బండి రబ్బరు కంటే అధ్వానంగా ఉండొచ్చు.

అపోహ: అండర్‌బాడీ కోటింగ్ కొట్టించాం, తుప్పు సమస్య తీరిపోయింది.

విశాఖలో ఉన్నవాళ్లకు అన్నింటికంటే ముఖ్యమైన సంగతి ఇదే. మన గాలిలో ఉప్పు ఉంది. బీచ్ రోడ్డులోనో భీమిలి వైపో ఇల్లుంటే బండి రాత్రీపగలూ ఆ గాలిలోనే నానుతుంది. పైగా ఫోర్ బై ఫోర్ కదా అని ఇసుకలోకి దింపి, ఫొటోలు దిగి, కడగకుండానే ఇంటికి తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు. తుప్పు మీదే నల్లటి కోటింగ్ కొడితే తడి లోపలే చిక్కుకుంటుంది. పైకి బండి నిగనిగలాడుతుంది, కింద ఇనుము పొరలు పొరలుగా ఊడుతుంటుంది.

ఛాసిస్ పెట్టెలాంటి గొట్టం కాబట్టి తుప్పు లోపలి వైపు నుంచి మొదలవుతుంది. చిన్న సుత్తితో పొడవునా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖణేల్మంటుంది, తినేసినచోట మొద్దు శబ్దం వస్తుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్‌తో పొడవండి. కమాన్ పట్టీల (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు) బ్రాకెట్లు ఛాసిస్‌కు అతుక్కునే చోటు, బాడీ మౌంటింగ్‌లు, డీజిల్ ట్యాంకు పట్టీలు, ఇనుప బ్రేకు పైపులు ముఖ్యంగా చూడాలి. కమాన్ బ్రాకెట్ దగ్గర స్క్రూడ్రైవర్ లోపలికి దిగిందంటే ఆ బండి ఈ ఏడాది ప్రయాణానికి పనికిరాదు. వెల్డింగ్ ప్యాచ్ వేసి పంపమని ఎంత బతిమాలినా నేను ఒప్పుకోను. తుప్పు పైపైనే ఉంటే గీకి, ప్రైమర్ కొట్టి, ఛాసిస్ లోపలికి మైనపు స్ప్రే పట్టించి, ఆ తర్వాత కోటింగ్ వేయించుకోండి.

అపోహ: థర్మోస్టాట్ వాల్వ్ పీకేస్తే ఇంజన్ చల్లగా ఉంటుంది, రేడియేటర్‌లో మంచినీళ్లు చాలు.

ఈ సలహా ఇచ్చేది మా మెకానిక్‌లే, అదే బాధ. థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఆపే వాల్వ్. వాల్వ్ లేకపోతే ఇంజన్ సరైన వేడికి ఆలస్యంగా చేరుతుంది. అరుగుదల, డీజిల్ ఖర్చు రెండూ పెరుగుతాయి. చలి ప్రాంతానికి వెళ్లాక హీటర్ కూడా సరిగ్గా పనిచేయదు. ఉట్టి నీళ్లయితే అక్కడి రాత్రి చలికి గడ్డకట్టి బ్లాకు పగిలే ప్రమాదం ఉంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగంసగం కలిపితే మైనస్ 35 డిగ్రీల దాకా దిగులు లేదు.

ఇంకో సంగతి. లదాఖ్‌లోని ఖర్‌దుంగ్ లా కనుమ ఎత్తు 5,359 మీటర్లు (పాత బోర్డు మీద 18,380 అడుగులని రాశారు గానీ అది ఎక్కువ చెప్పిన లెక్క). అంత ఎత్తులో మూత తీసి ఉన్న గిన్నెలో నీళ్లు దాదాపు 83 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్‌లో మరగకుండా ఆపేది మూత పట్టి ఉంచే ప్రెషర్ మాత్రమే. ఆ మూత రబ్బరు ఎండిపోయి ఉంటే వైజాగ్‌లో మీకు తేడా తెలియకపోవచ్చు, అక్కడ మాత్రం బయటపడుతుంది. కొత్త మూతకు పెద్ద ఖర్చేమీ కాదు.

అపోహ: పంపు కొంచెం పెంచి డీజిల్ ఎక్కువ పట్టిస్తే కొండల్లో లాగుతుంది.

కొండపైన తక్కువయ్యేది గాలి. ఖర్‌దుంగ్ లా మీద గాలి పీడనం మన సముద్ర తీరంలో ఉండేదానిలో సగమే. టర్బో (ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టేది) లేని ఇంజన్ శక్తి కూడా దాదాపు ఆ లెక్కలోనే పడిపోతుంది. డీజిల్ పెంచితే వచ్చేది నల్లటి పొగ, అనవసరమైన వేడి. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉంచుకుని కింది గేరులో ఓపిగ్గా ఎక్కండి. కార్బురేటర్ ఉన్న పాత జిప్సీ అయితే పైకి వెళ్లేకొద్దీ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఐడిల్ కూడా గతి తప్పుతుంది. దాన్ని సర్దడం ఇక్కడే నేర్చుకుని వెళ్లాలి.

అపోహ: పెద్ద టైర్లు వేస్తే బండి దేనికైనా సిద్ధం.

215/75 ఆర్15 తీసి 235/75 ఆర్15 వేస్తే చుట్టుకొలత నాలుగు శాతానికి పైగా పెరుగుతుంది. స్పీడోమీటర్ 100 చూపిస్తుంటే మీరు 104 మీద ఉన్నట్టు. గేరింగ్ బరువెక్కుతుంది, బేరింగులు, స్టీరింగ్ జాయింట్ల మీద భారం పడుతుంది. జాతీయ రహదారి మీద వేల కిలోమీటర్లు నడపాల్సిన బండికి మడ్ టైర్ల మోత, వానలో జారడం అదనపు తలనొప్పి. కంపెనీ సైజులో మంచి ఆల్ టెరైన్ టైర్లు సరిపోతాయి. టైరు పక్కన డీఓటీ అక్షరాల చివర ఉండే నాలుగంకెలు చదవండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడులు లోతుగా ఉన్నా ఆరేడేళ్లు దాటిన టైరుతో ఇంత దూరం వద్దు. స్టెపినీ తేదీ కూడా చూడండి, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

అపోహ: దేనికైనా మంచిది, అన్నీ వేసుకుని వెళ్దాం.

కమాన్ పట్టీల బండికి బరువే శత్రువు. టాప్ మీద క్యారియర్, దాని మీద రెండో స్టెపినీ, డీజిల్ క్యాన్లు, గ్యాస్ స్టవ్ కట్టిన జీపు మలుపులో ఎలా ఒరుగుతుందో వెనక బండిలో కూర్చుని చూస్తే తెలుస్తుంది. మనాలీ నుంచి లేహ్ వెళ్లే దారిలో తాండి దగ్గర 'తర్వాతి బంకు 365 కిలోమీటర్లు' అన్న బోర్డు చూసి క్యాన్ల మీద క్యాన్లు కొంటారు. అరవై లీటర్ల ట్యాంకు, లీటరుకు పది ఇచ్చే బండి అయితే అక్కడ నింపుకుంటే చాలు. నలభై లీటర్ల జిప్సీకి మాత్రం ఒక మంచి క్యాన్ అవసరమే.

ఆ బరువుకు బదులు బెల్టులు, పై కింది హోసులు, ముందు చక్రం బేరింగ్ సెట్టు, గ్రీజు, ఒక యూజే క్రాస్ (ఇరుసుకు శక్తినిచ్చే షాఫ్టు జాయింటులో ఉండేది), డీజిల్ ఫిల్టర్లు, కమాన్ సెంటర్ బోల్టు, క్లచ్ కేబులో స్లేవ్ సిలిండర్ కిట్టో (మీ బండికి ఏదుంటే అది) పెట్టుకోండి.

అపోహ: ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే డీజిల్ మిగులుతుంది.

మిగిలేది ఏమీ లేదు, బ్రేకులు కాలతాయి. ఎక్కిన గేరులోనే దిగాలి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మన ఊళ్లో తేమకు కొదవేముంది? డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలకు మరుగుతుంది, తేమ పట్టాక అది 155కు పడిపోవచ్చు. పెడల్ నేలకు తాకడం అంటారే, అది ఇలాగే జరుగుతుంది. రెండేళ్లకోసారి మొత్తం మార్చండి.

అపోహ: ఫోర్ వీల్ వేసుకుని నడిపితే హైవే మీద గ్రిప్ ఎక్కువ.

పాత బండ్లలో ముందు వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ (రెండు ఇరుసులూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) ఉండదు. ఎండిన తారు మీద ఫోర్ వీల్‌లో తిప్పితే ట్రాన్స్‌ఫర్ కేసు (రెండు ఇరుసులకూ శక్తిని పంచే గేర్ల పెట్టె) బిగుసుకుంటుంది. మట్టిలో, మంచులో మాత్రమే వేయండి. కానీ నెలకోసారి ఏదైనా మట్టిదారిలో వేసి తీయకపోతే అవసరమైన రోజు లివర్ కదలదు.

అపోహ: బయలుదేరే వారం ముందు ఫుల్ సర్వీసు చేయిస్తే సరి.

కొత్తగా వేసిన భాగం, కొత్తగా విప్పి బిగించిన బోల్టు తమ లోపాన్ని మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే చూపిస్తాయి. అవి రాయ్‌పూర్ దాటాక కాదు, ఇక్కడే కనిపించాలి. అందుకే పని నెలన్నర ముందే ముగించి, ప్రయాణంలో ఉండే బరువంతా ఎక్కించి, మనుషులతో సహా ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కండి. మధ్యాహ్నం ఎండలోనే వెళ్లండి. టెంపరేచర్ ముల్లు ఎక్కడ నిలబడింది, దిగేటప్పుడు బ్రేకు వాసన వచ్చిందా, ఏ చక్రం మిగతావాటికంటే వేడిగా ఉంది, రాత్రి ఆగినచోట కింద చుక్కలు పడ్డాయా, అన్నీ రాసుకోండి. తిరుగు దారిలో పాడేరు, చోడవరం మీదుగా వస్తే రెండో ఘాట్ కూడా అయిపోతుంది. ఆ తర్వాత కమాన్ పట్టీలను ఇరుసుకు పట్టి ఉంచే యూబోల్టులు, చక్రాల నట్లు మళ్లీ బిగించాలి. సాలూరు లారీవాళ్లను చూడండి, లోడు వేసుకున్నాక కాస్త దూరం పోయి ఆపి, చక్రాలు తట్టి చూసుకోకుండా సుంకి ఘాట్ ఎక్కరు.

అపోహ: ఆర్సీ, ఇన్సూరెన్స్ ఉన్నాయి, ఏ రాష్ట్రమైనా తిరగొచ్చు.

సొంత వాడకం బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ తేదీ ప్రయాణం మధ్యలో పడకుండా చూసుకోండి. ముందు బుల్ బార్ ఉంటే తీసేయండి, 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వాటి మీద చర్య తీసుకోవాలని రాష్ట్రాలకు రాసింది. ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో (ఢిల్లీ, దాని చుట్టుపక్కల జిల్లాలు) పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లపై 2015లో గ్రీన్ ట్రైబ్యునల్ పెట్టిన ఆంక్షను 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తర్వాత కూడా దాని అమలు మారుతూ వస్తోంది. కాబట్టి బయలుదేరే వారంలో తాజా పరిస్థితి కనుక్కోండి. ఢిల్లీ ఊళ్లోకి వెళ్లంలే అనుకుంటే కుదరదు, పానిపట్, కర్నాల్, మీరట్, భరత్‌పూర్ కూడా ఎన్‌సీఆర్‌లోవే. మీ బండికి అక్కడ చిక్కుందని తేలితే రూటు మ్యాపు ఆ జిల్లాలు తగలకుండా గీసుకోవాలి, ఆ చుట్టుతిరుగుడుకు ఒక రోజు అదనంగా లెక్క వేసుకోండి.