వాస్కోడిగామా: 'కనుగొన్నాడు' అన్న మాట దగ్గర మొదలైన గొడవ

గుంటూరు, నంద్యాల మీదుగా గోవా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ చివరి స్టేషన్ పేరు వాస్కోడిగామా. పోటీ పరీక్షల బిట్లలో మనం బట్టీపట్టిన పేరూ అదే. భారతదేశానికి సముద్రమార్గం కనుగొన్నదెవరు? ఆ "కనుగొన్న" అన్న మాట దగ్గరే పేచీ అంతా.

1497 జులైలో 4 ఓడలతో లిస్బన్‌లో బయల్దేరిన పోర్చుగీసు నావికుడు గామా, ఆఫ్రికా దక్షిణపు కొస చుట్టి తూర్పు తీరంలోని మలిందీ చేరాడు. యూరప్ నుంచి ఆ కొస చుట్టి ఇక్కడిదాకా ఓడలు నడిపించిన మొదటివాడు అతనే. అది చిన్న పని కాదు. కానీ మలిందీ నుంచి కాలికట్ (ఇప్పటి కోళికోడ్) దారి అతను వెతికింది కాదు. అక్కడి రాజు ఇచ్చిన పైలట్, అంటే దారి తెలిసిన నావికుడు, రుతుపవనాల గాలి పట్టుకుని మూడు వారాలు దాటేసరికి, 1498 మేలో, మలబారు తీరం చూపించాడు. గామా ఒడ్డుకు పంపిన మొదటి మనిషికి ట్యునీషియా వర్తకులు ఇద్దరు ఎదురై అతనికి తెలిసిన భాషలోనే పలకరించారు! తిరుగు ప్రయాణంలో గాలి అదను చూసుకోకుండా బయల్దేరితే అదే సముద్రం దాటడానికి మూడు నెలలు పట్టింది. సి విటమిన్ లోపంతో వచ్చే స్కర్వీ జబ్బుతో ఎందరో పోయారు. మనుషులు చాలక ఒక ఓడను తగలబెట్టేశారు.

ఆ సముద్రంలో వ్యాపారం ఎలా సాగేదో తెలియాలంటే మన తీరంలోని పాత రేవు మోటుపల్లి శాసనం చదవాలి. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారు. ఇకపై అలా జరగదని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామని కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయమిచ్చాడు. రేవుల మధ్య పోటీ ఉండేది, సముద్రపు దొంగలూ ఉండేవారు. కానీ నడిసముద్రంలో తిరిగే ప్రతి ఓడా తమ దగ్గర పర్మిట్ తీసుకోవాలన్న పోర్చుగీసుల 'కార్తాజ్' పద్ధతి ఇక్కడివాళ్లకు కొత్త. గామా తర్వాత వచ్చిన అసలు మార్పు అదే అని నా అభిప్రాయం.

1502లో అతను రెండోసారి వచ్చినప్పుడు ఫిరంగులతో వచ్చాడు. మక్కా యాత్ర నుంచి తిరిగొస్తున్న 'మీరీ' అనే ఓడను పట్టుకున్నాడు. అందులో పిల్లాపాపలతో సహా వందల మంది ఉన్నారు. ఎంత సొమ్మయినా ఇస్తామన్నారు. తల్లులు పసిపిల్లలను పైకెత్తి చూపించి వేడుకున్నారు. గామా వినలేదు, ఓడను మనుషులతో సహా తగలబెట్టించాడు. తర్వాత కాలికట్ ముందు లంగరేసి, ముస్లిం వర్తకులను వెళ్లగొట్టమన్నాడు. కాలికట్ రాజు సామూతిరి ఒప్పుకోలేదు. గామా తన చేతికి చిక్కిన జాలరులను ఉరితీయించి, చేతులూ కాళ్లూ తలలూ నరికించి పడవలో ఒడ్డుకు పంపాడు.

"ఆ కాలమే అలాంటిది" అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మీరీ తగలబడటం కళ్లారా చూసి, ఆ రోజును బతికున్నంతకాలం మరిచిపోలేనని రాసిన తోమె లోపెస్ ఆ కాలం మనిషే, గామా దళంలోనే ఉన్నవాడు.

1524లో పోర్చుగీసు వైస్రాయ్‌గా మళ్లీ వచ్చిన గామా, ఆ డిసెంబరులోనే కొచ్చిలో చనిపోయాడు. ఫోర్ట్ కొచ్చిలోని సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో పూడ్చిన అవశేషాలను 1539లో పోర్చుగల్ తీసుకెళ్లారు.

500 ఏళ్లు నిండిన 1998లో లిస్బన్ తన కొత్త వంతెనకు అతని పేరు పెట్టుకుంది. కేరళలో మాత్రం ఉత్సవాలు వద్దంటూ జనం నిరసనకు దిగారు. కోళికోడ్ దగ్గర కప్పాడ్‌లో ఉన్న చిన్న రాతి స్తంభం మీద 'కనుగొన్నాడు' అని లేదు. 1498లో గామా ఇక్కడ దిగాడు, అంతే ఉంది.