మైక్రోవేవ్ పవర్ యాంప్లిఫయర్ కూత: అపోహలు - వాస్తవాలు

చెరువుగట్టు జాతరలో మైకు స్పీకరుకు ఎదురైతే కీచుమని కూత పెట్టడం నల్లగొండలో అందరూ విన్నదే. స్పీకరు శబ్దం మైకులోకి చేరి, పెరిగి, మళ్లీ మైకులోకే వస్తుంది. మైక్రోవేవ్ సిగ్నల్‌ను ట్రాన్సిస్టర్‌తో పెంచే పవర్ యాంప్లిఫయర్‌లోనూ ఇంతే, అవుట్‌పుట్ తిరిగి ఇన్‌పుట్‌కు చేరితే కూత పుడుతుంది. కాకపోతే ఈ కూత చెవికి అందదు, చాలాసార్లు ట్రాన్సిస్టర్ కాలిపోయాకే తెలుస్తుంది. నా బల్ల దగ్గర పని నేర్చుకునే పిల్లల నోట తరచూ వినే మాటలకు ఇవి నా జవాబులు.

అపోహ: పనిచేసే ఫ్రీక్వెన్సీలో అంతా బాగుంటే చాలు.

వాస్తవం: 3 గిగాహెర్ట్జ్ యాంప్లిఫయర్ 20 మెగాహెర్ట్జ్ దగ్గర కూత పెట్టగలదు. ఫ్రీక్వెన్సీ సగానికి తగ్గినప్పుడల్లా ట్రాన్సిస్టర్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. పైగా అక్కడ, ట్రాన్సిస్టర్‌కు డీసీ అందించే బయాస్ లైనులోని చోక్ (కాయిల్), కెపాసిటర్ కలిసి ట్యూన్డ్ సర్క్యూట్ (ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఊగేది) అయిపోతాయి. అందుకే గేటుకు (ట్రాన్సిస్టర్ ఇన్‌పుట్ కాలుకు) ముందు సిరీస్‌లో ఒక రెసిస్టర్, దానికి సమాంతరంగా చిన్న కెపాసిటర్ పెడతాం. మనకు కావలసిన సిగ్నల్ కెపాసిటర్ గుండా దాటిపోతుంది, కింది ఫ్రీక్వెన్సీల శక్తి రెసిస్టర్‌లో వేడిగా ఖర్చవుతుంది. బయాస్ లైనులోనూ రెసిస్టర్ ఉండాలి. కూతను ఆపేది నష్టమే. చోక్ శక్తిని దాచుకుంటుంది తప్ప ఖర్చు చేయదు.

అపోహ: బైపాస్ కెపాసిటర్లు (సప్లయ్ లైనులోని సిగ్నల్‌ను గ్రౌండుకు మళ్లించేవి) ఎన్ని ఉంటే అంత మంచిది.

వాస్తవం: పెద్ద కెపాసిటర్ ఒక ఫ్రీక్వెన్సీ దాటాక కాయిల్‌లా ప్రవర్తిస్తుంది. పక్కనున్న చిన్న కెపాసిటర్‌తో కలిసి రెజొనెన్స్‌కు వస్తే అక్కడ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు అడ్డు) తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. పెద్దదానికి సిరీస్‌లో కొన్ని ఓమ్‌ల రెసిస్టర్ కలపండి.

అపోహ: కె విలువ (యాంప్లిఫయర్ స్థిరత్వపు కొలత) 1 దాటితే భయం లేదు.

వాస్తవం: పరిశోధకుడు రోలెట్ 1962లో ఇచ్చిన ఈ కొలత విలువైనదే. డెల్టా (కెతో పాటు లెక్కించే మరో సంఖ్య) పరిమాణం 1 కంటే తక్కువగా ఉండాలన్న షరతును మాత్రం మరిచిపోకూడదు. అయితే కె బయటి రెండు పోర్టుల (ఇన్‌పుట్, అవుట్‌పుట్) నుంచి కనిపించేదే చెబుతుంది. రెండు ట్రాన్సిస్టర్లను జోడించినప్పుడు ఒకటి పైకి, ఒకటి కిందికి ఊగే కూత లోపలే తిరుగుతుంది. దీనికి రెండు గేట్ల మధ్య, రెండు డ్రెయిన్ల (అవుట్‌పుట్ కాళ్ల) మధ్య రెసిస్టర్లు వేయాలి. రెండు ట్రాన్సిస్టర్లూ ఒకే తీరున ఊగితే ఆ రెసిస్టర్లపై వోల్టేజీ ఉండదు, కాబట్టి మన సిగ్నల్‌కు నష్టం లేదు.

అపోహ: లోహపు పెట్టెలో మూత బిగిస్తే రక్షణ.

వాస్తవం: మూత తీసి ఉన్నంతసేపు ఒక బోర్డు నిమ్మళంగా ఉండేది. మూత ఆనించగానే, ఇన్‌పుట్ ఏమీ లేకున్నా, మీటరులో డ్రెయిన్ కరెంటు ఒక్కసారిగా ఎగిరింది. పెట్టె వెడల్పు 60 మిల్లీమీటర్లు. అంత వెడల్పుంటే 2.5 గిగాహెర్ట్జ్ పైన అది వేవ్‌గైడ్‌గా (తరంగాలను మోసే గొట్టంగా) మారి అవుట్‌పుట్‌ను తిరిగి ఇన్‌పుట్ దగ్గరికి మోస్తుంది. మూత లోపల శక్తిని పీల్చే షీటు అంటిస్తే ఆగింది. తర్వాత మధ్యలో గోడ కట్టి చెరో 30 మిల్లీమీటర్లు చేశాను. హద్దు 5 గిగాహెర్ట్జ్‌కు వెళ్లింది, షీటు అవసరమే లేకపోయింది.

అపోహ: మే నెల ఎండలో కూత లేకుండా నిలిచిన బోర్డు ఎప్పుడైనా నిలుస్తుంది.

వాస్తవం: చల్లబడితే గెయిన్ పెరుగుతుంది. అందుకే నేను పుష్యమాసపు తెల్లవారుజామున, బోర్డు చల్లగా ఉండగా పరీక్షిస్తాను. సప్లయ్‌కు కరెంటు హద్దు పెట్టి, బయాస్ మెల్లగా పెంచుతూ, అవుట్‌పుట్‌కు తగిలించే లోడును కావాలనే పొసగకుండా పెట్టి, అన్ని ఫేజుల్లో మార్చి చూస్తాను. స్పెక్ట్రమ్ ఎనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూపే పరికరం) మాత్రం 3 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగకుండా కింది చివర నుంచి పై చివర దాకా తెరిచి ఉంటుంది.