పూల టాటూ బ్లాక్ అండ్ గ్రేలో: అపోహలు - వాస్తవాలు

అపోహ: గీత ఎంత సన్నగా, షేడ్ ఎంత లేతగా ఉంటే టాటూ అంత డెలికేట్‌గా ఉంటుంది.

వాస్తవం: బ్లాక్ అండ్ గ్రే అంటే రంగులు లేకుండా నల్ల ఇంకు, దాన్ని పల్చన చేసిన బూడిద ఛాయలతోనే వేసే టాటూ. టాటూలు వేసే నాకు మీరు ఫోన్‌లో చూపించే ఫొటోలు చాలావరకు టాటూ వేసిన రోజు తీసినవే, ఐదారేళ్ల తర్వాత అదే చెయ్యి ఎలా ఉందో ఎవరూ పెట్టరు. ఇంకు పైచర్మం కిందున్న పొరలో, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతులో పడుతుంది, అక్కడ రోగనిరోధక కణాలు దాన్ని పట్టుకుని ఉంచుతాయి కానీ ఏళ్లు గడిచేకొద్దీ గీత కొంచెం కొంచెం మందమవుతుంది. అమ్మమ్మల చేతుల మీద పాత పచ్చబొట్లు చూడండి, ఒకప్పుడు విడివిడిగా ఉన్న చుక్కలు ఎలా అల్లుకుపోయాయో తెలుస్తుంది. అందుకే రూపాయి బిళ్లంత గులాబీలో ఇరవై రేకులు పెట్టమంటే నేను ఒప్పుకోను, సైజన్నా పెంచాలి రేకులన్నా తగ్గించాలి. పువ్వుకి నాజూకుతనం ఇచ్చేది రేకుల మధ్య వదిలిన ఖాళీయే.

అపోహ: మన చామనఛాయ మీద షేడింగ్ కనపడదు.

వాస్తవం: ఇది విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఈ మాట నమ్మి అసలు టాటూయే వద్దనుకున్నవాళ్లు నాకు తెలుసు. చర్మానికి రంగిచ్చే మెలనిన్ పైపొరలో ఉంటుంది, ఇంకు దాని కింద, అంటే మనం ఇంకుని మన రంగులోంచే చూస్తాం. కాబట్టి మరీ లేత గ్రేలు మాయమైపోతాయి, నిజమే. దానికి డిజైన్‌లోనే దారి ఉంది: రేకు మొదట్లో, ఆకు వెనకాల ధైర్యంగా నలుపు పెట్టాలి, మధ్యలో ఒకటి రెండు గ్రేలు చాలు, వెలుగు పడే అంచు దగ్గర ఉత్త చర్మం వదిలెయ్యాలి. తెల్ల ఇంకుతో హైలైట్ అడుగుతారు, మానిన కొన్నాళ్లకి అది చర్మంలో కలిసిపోతుంది లేదా పసుపుగా మారుతుంది, నేనైతే వద్దంటాను.

అపోహ: రంగు లేకపోతే ఏ పువ్వో తెలీదు.

వాస్తవం: పువ్వుని దాని ఆకారమే పట్టిస్తుంది: మందారానికి మధ్యలోంచి బయటికొచ్చే పొడవాటి కేసరం, తామరకి మొనదేలిన రేకులు, పారిజాతానికి తొడిమ. ఆ నారింజ తొడిమని ముదురు గ్రే చేస్తే తెల్లరేకులు వాటంతటవే లేస్తాయి. మల్లె మాత్రం అసలు పరీక్ష. పువ్వు మీద దాదాపు ఏమీ వెయ్యకూడదు, వెనకున్న ఆకులే ముదురు చెయ్యాలి, అప్పుడే తెలుపు కనపడుతుంది.

అపోహ: బ్లాక్ అండ్ గ్రే అంటే రంగులు రానివాళ్లు చేసే పని.

వాస్తవం: అమెరికాలోని లాస్ ఏంజెలెస్ తూర్పు వాడల్లోనూ జైళ్లలోనూ చికానోలు, అంటే మెక్సికో మూలాలున్న అమెరికన్లు, ఒక్క సూది, ఒక్క నల్ల ఇంకుతో పుట్టించిన కళ ఇది. 1975లో ఆ తూర్పు వాడల్లోనే మొదలైన గుడ్ టైమ్ చార్లీస్ టాటూల్యాండ్ అనే షాపు దాన్ని ప్రొఫెషనల్ షాపులోకి తెచ్చింది. ఇప్పటికీ నల్ల ఇంకుని స్టెరైల్ (క్రిములు లేని) వాటర్‌తో పల్చన చేసే గ్రేలు కలుపుకుంటాం. కుళాయి నీళ్లు కలిపేవాళ్ల దగ్గర మాత్రం కూర్చోకండి, ఇన్ఫెక్షన్ రావచ్చు.

అపోహ: వేలి మీద చిన్న పువ్వు ఈజీ.

వాస్తవం: వేళ్ల పక్కలు, అరచెయ్యి త్వరగా అరిగిపోయే చోట్లు, అక్కడ పువ్వు మచ్చలుమచ్చలుగా చెదురుతుంది. ముంజేయి, భుజం, వీపు పైభాగం మంచివి.

అపోహ: పసుపు రాస్తే త్వరగా మానుతుంది.

వాస్తవం: పచ్చి పుండు మీద వంటింటి పసుపు వద్దు. పైచర్మం మానడానికి రెండు మూడు వారాలు పడుతుంది, పొట్టు గీకకండి, మానాక ఎండలోకెళ్తే సన్‌స్క్రీన్ తప్పకుండా రాయండి. ఇంకోటి, రక్తదానం చేసే అలవాటున్నవాళ్లు ముందే ఆలోచించుకోండి, మన దేశంలో టాటూ వేయించుకున్నాక 12 నెలలు రక్తం తీసుకోరు.