దిగిపోనన్న పళ్ల డాక్టరు

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్ర గవర్నర్, డెమోక్రాట్ టోనీ ఎవర్స్ 2026లో మళ్లీ పోటీ చేయనన్నారు. దాంతో అక్కడ పాత ప్రశ్న మళ్లీ లేచింది: కొత్త గవర్నర్ పదవులకు పంపే పేర్లను, వాటిని ఆమోదించాల్సిన రాష్ట్ర సెనేట్ పక్కన పడేస్తే ఏమిటి గతి? (అక్కడ గవర్నర్‌ను ఎన్నుకునేది జనమే, మన గవర్నర్ల లెక్క వేరు.)

డెమోక్రాట్ గవర్నర్‌కీ, రిపబ్లికన్ల చేతిలోని సెనేట్‌కీ పడకపోవడం కొత్తేం కాదు. 2019 నవంబరులో వ్యవసాయ శాఖ కార్యదర్శి బ్రాడ్ ఫాఫ్‌ను సెనేట్ 19-14తో తిప్పి పంపింది. అదే నయం, కనీసం ఓటేసి వద్దన్నారు. అసలు కథ ఓటే వేయకపోవడంతో మొదలైంది.

ఫ్రెడ్ ప్రేన్ వాసా పట్టణంలో పళ్ల డాక్టరు. పాత రిపబ్లికన్ గవర్నర్ స్కాట్ వాకర్ 2015లో ఆయన్ని సహజ వనరుల బోర్డులో వేశారు. ఆరేళ్ల గడువు 2021 మే 1న తీరింది. ఎవర్స్ ఆ స్థానానికి సాండ్రా నాస్ పేరు పంపారు. సెనేట్ ఆ ఫైలు ముట్టుకోలేదు, ప్రేన్ కుర్చీ దిగలేదు. ఏడుగురి బోర్డులో ఒక్క సీటే కదా అనుకోవడానికి లేదు. 2022 ఫిబ్రవరిలో భూగర్భ జలాల్లో పీఫాస్ అనే, ఓ పట్టాన విచ్ఛిన్నం కాని రసాయనాలకు పరిమితి పెట్టే ప్రతిపాదన, ఒకరు ఓటేయకపోవడంతో 3-3తో వీగిపోయింది. వద్దన్న ముగ్గురిలో ప్రేన్ ఒకరు.

గొడవ రాష్ట్ర సుప్రీంకోర్టుకెక్కింది. గడువు తీరినంత మాత్రాన పదవి ఖాళీ అయినట్టు కాదని, కొత్తవారిని సెనేట్ ఆమోదించేదాకా పాతవారు ఉండొచ్చని 2022 జూన్‌లో 4-3తో తీర్పొచ్చింది. ఆమోదించే అధికారం తమదేనన్నది రిపబ్లికన్ల వాదన. సరే, కానీ ఆ తీర్పుతో సెనేట్‌కి ఓటు వేసే పని కూడా తప్పింది, ఊరికే కూర్చుంటే చాలు. ప్రేన్ ఆ ఏడాది చివర్లో తనంతట తనే రాజీనామా చేశారు.

డెమోక్రాట్లకూ ఈ కిటుకు త్వరగానే వంటబట్టింది. 2023లో ఎన్నికల కమిషన్ అడ్మినిస్ట్రేటర్ మేగన్ వుల్ఫ్ గడువు తీరింది. ఆమెను మళ్లీ నియమిస్తే పేరు సెనేట్‌కి వెళ్తుంది, అక్కడ ఓడిస్తారు. అందుకే కమిషన్‌లోని ముగ్గురు డెమోక్రాట్లు ఓటింగ్‌కు దూరంగా ఉండి, కావాల్సిన నాలుగు ఓట్లు రాకుండా చూశారు. పేరే రాలేదు. అయినా సెనేట్ సెప్టెంబరులో 22-11తో ఆమెను తీసేశామంది.

2025 ఫిబ్రవరిలో అదే కోర్టు, ప్రేన్ తీర్పునే చూపించి, ఆమె కొనసాగవచ్చని ఏకగ్రీవంగా తేల్చింది. రెండు తీర్పులూ రాసింది ఒక్కరే, జస్టిస్ అనెట్ జీగ్లర్.